వాంటేజ్ అంటే అడ్వాంటేజేనా? రెండింటికీ ‘లాభం’ అని రాస్తే ఎందుకు కుదరడం లేదు?

మాటలమూట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అనువాదాలు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాను. ఒక పాత యుద్ధం గురించిన పెద్ద ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులోకి తెస్తూ ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను, రెండు రోజులుగా అదే బుర్రలో తిరుగుతోంది.

వ్యాసంలో అడ్వాంటేజ్ అన్న మాట ఏడెనిమిది చోట్ల వచ్చింది. నేను అన్ని చోట్లా ‘ప్రయోజనం’ అనో ‘లాభం’ అనో రాసుకుంటూ పోయాను. తర్వాత ఒక చోట వాంటేజ్ గ్రౌండ్ అని, ఇంకో చోట వాంటేజ్ పాయింట్ అని తగిలాయి. అడ్వాంటేజ్‌లో ముక్కే కదా, అర్థం కూడా అదే అయ్యుంటుందనుకుని ఇలా రాశాను: "చీకటి పడేలోపు సైన్యం లాభదాయకమైన భూమిని ఆక్రమించింది." ఇంకోటి: "నేటి ప్రయోజనకర బిందువు నుంచి చూస్తే ఆ నిర్ణయం తప్పని తెలుస్తుంది."

నా రాత చూసిపెట్టే పెద్దావిడ ఈ రెండు వాక్యాల చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి, "లాభదాయకమైన భూమి అంటే పంట బాగా పండే నేల అనుకుంటారు చదివేవాళ్లు" అని రాశారు. అది నాకూ అర్థమైంది. కానీ మిగతా చోట్ల రాసిన ‘ప్రయోజనం’ కూడా సగం చోట్ల సరిపోలేదని, ఎక్కడ సరిపోలేదో మీరే పట్టుకోండని అన్నారు. నిఘంటువు తీస్తే అడ్వాంటేజ్‌కి లాభం, ప్రయోజనం, అనుకూలత, మేలు, ఆధిక్యం అని వరసగా ఉన్నాయి గానీ ఏది ఎప్పుడు వాడాలో అందులో లేదు.

అసలు వాంటేజ్ వేరు, అడ్వాంటేజ్ వేరా? బెనిఫిట్‌కీ అడ్వాంటేజ్‌కీ తేడా ఉందా? తెలుగులో ఎన్ని మాటలు వాడాల్సి వస్తుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, పొడుగైనా చదువుతాను.

పాతనిఘంటువు

మాటలమూట గారూ, మీరు అనుకున్నది సగం నిజమే. వాంటేజ్, అడ్వాంటేజ్ ఒక తల్లి బిడ్డలే. కానీ ఆ తల్లి పేరు లాభం కాదు, మీ చిక్కంతా అక్కడే ఉంది.

పాత ఫ్రెంచిలో అవాంటాజ్ అనే మాట ఉండేది. అందులో ఉన్న ‘అవాఁ’కి అర్థం ‘ముందు’. ఇంకా వెనక్కి పోతే లాటిన్‌లో అబాంటే, దానికీ ‘ముందు’ అనే అర్థమే. మన ‘ముందు’ లాగే అది చోటుకీ పనికొస్తుంది, కాలానికీ పనికొస్తుంది. ఒకడు ఇంకొకడి కంటే ముందు నిలబడి ఉన్నాడు, అంతే, ఈ మాట పుట్టుకలో ఉన్నదంతా అదే. మీది యుద్ధం వ్యాసం కాబట్టి వాన్‌గార్డ్ అనే మాట కూడా తగిలే ఉంటుంది, సైన్యంలో అందరికంటే ముందు నడిచే దళం. అందులో ఉన్న ‘వాన్’ కూడా ఈ అవాఁ నుంచి వచ్చిందే.

మరి అడ్వాంటేజ్‌లో డ ఎక్కడిది? ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తల్లో అది లేదు. లాటిన్‌లో ‘అడ్’ అనే ఉపసర్గతో మొదలయ్యే మాటలు బోలెడు ఉన్నాయి కాబట్టి ఇదీ అలాంటిదే అయ్యుంటుందని పొరబడి, దాదాపు 16వ శతాబ్దంలో డ చేర్చి రాయడం మొదలుపెట్టారు, అదే నిలిచిపోయింది. అడ్వాన్స్ అన్న మాటకి కూడా ఇదే కథ. వాంటేజ్ మాత్రం ముందున్న అచ్చు రాలిపోయి మిగిలిన పొట్టి రూపం, అందుకే దానికి ఆ డ అంటలేదు. కాబట్టి మీరు అనుకున్నట్టు అడ్వాంటేజ్‌లోంచి తుంచిన ముక్క కాదు అది. డ రాకముందు రూపం నుంచి విడిపోయిన తోబుట్టువు.

ఇప్పుడు అర్థం సంగతి. టెన్నిస్ చూస్తారా మీరు? 40-40 అయితే డ్యూస్ అంటారు. ఆ తర్వాత ఒక పాయింట్ ఎవరు గెలిస్తే వాళ్లకి అడ్వాంటేజ్. (పాత రోజుల్లో అక్కడ వాంటేజ్ అని కూడా అనేవాళ్లు.) ఆ క్షణంలో ఆ ఆటగాడికి ఏం దక్కింది? గేమ్ దక్కలేదు. తర్వాతి పాయింట్ పోతే మళ్లీ డ్యూస్‌కే వచ్చి పడతాడు, అంటే చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. ఉన్నదల్లా ఒక మెట్టు ముందు నిలబడి ఉండటం. ఇంకొక్క అడుగు వేస్తే గెలుపు, అవతలివాడికి వరసగా మూడు అడుగులు కావాలి. అడ్వాంటేజ్ అనే మాటని నాకు ఇంతకంటే బాగా చూపించిన ఉదాహరణ దొరకలేదు.

బెనిఫిట్ వేరు. అది లాటిన్‌లో ‘మేలు చేయడం’ అనే మాట నుంచి వచ్చింది, చేతికి అందిన మేలు అది. నడిస్తే ఒంటికి మంచిది, అది బెనిఫిట్. పక్కవాడు నడిచినా నడవకపోయినా మీకు వచ్చే మేలు తగ్గదు. పరుగు పందెంలో మీకు పొడవాటి కాళ్లు ఉండటం అడ్వాంటేజ్, పక్కవాడివీ అంతే పొడవైతే ఆ మాటకి పని లేదు. అందుకని నేను ఎప్పుడూ వాక్యాన్ని పట్టుకుని "ఎవరి మీద?" అని అడుగుతాను. జవాబు దొరికితే అక్కడ లాభం, ప్రయోజనం అని రాయకండి. జవాబు లేకపోతే ప్రయోజనం నిక్షేపంగా సరిపోతుంది.

తేనెపలుకు

పైన చెప్పింది బాగుంది. నేను తెలుగు వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే ఈ మాటకి తెలుగు లేదని చాలామంది అడ్వాంటేజ్ అనే ఉంచేస్తుంటారు, నాకు అది చూస్తే బాధేస్తుంది. మనకి ఒకటి కాదు, అరడజను ఉన్నాయి. నిఘంటువులో పక్కపక్కన పెట్టిన ‘లాభం, ప్రయోజనం’ చూసి ఆగిపోవడం వల్ల అవి మనకి గుర్తు రావు.

చోటు గురించి అయితే ‘అనువు’. అనువైన చోటు, అనువు చూసుకుని నిలబడ్డాడు అంటాం. ఇంకా గట్టిగా చెప్పాలంటే ‘స్థానబలిమి’. చిన్నప్పుడు మనమంతా నేర్చుకున్న పద్యంలో నీళ్లలో ఉన్న మొసలి ఏనుగుని పట్టేస్తుంది, గట్టు మీదికి వస్తే కుక్క చేతిలో ఓడిపోతుంది, అది స్థానబలిమి గానీ తన బలిమి కాదు అని ఉంటుంది కదా. వాంటేజ్ గ్రౌండ్‌కి దీన్ని మించిన వివరణ నేను ఏ ఇంగ్లీషు నిఘంటువులోనూ చూడలేదు. బలం మనిషిలో లేదు, నిలబడ్డ చోటులో ఉంది. మీ సైన్యం వాక్యంలో కావలసిన అర్థం సరిగ్గా అదే.

కాలం గురించి అయితే ‘అదను’. అదను చూసి దెబ్బకొట్టాడు అంటే మంచి సమయం దొరకబుచ్చుకుని అని. ఇంగ్లీషులో అడ్వాంటేజ్ ఒక్కటే చోటుకీ కాలానికీ సర్దుకుంటుంది, మనకి అనువు, అదను అని విడివిడిగా ఉన్నాయి. వాక్యంలో ఏది ఉందో ముందు తేల్చుకోవాలి మరి.

పోటీలో ఒకరి మీద ఒకరు అయితే ‘పైచేయి’. దీన్ని ఇంగ్లీషులో అప్పర్ హ్యాండ్ అనే దానికే ఉంచుకోవాల్సిన పని లేదు, అడ్వాంటేజ్ అన్న చోట కూడా చాలాసార్లు పైచేయే సరైన మాట. కాకపోతే ఒక జాగ్రత్త. పైచేయి అంటే ఇప్పటికే అవతలివాణ్ని అదుపులో పెట్టాడన్న ధ్వని ఉంటుంది. కాస్తంత ముందున్నాడు, ఇంకా ఏదైనా జరగొచ్చు అనే చోట, అంటే ఇంగ్లీషువాళ్లు ఎడ్జ్ అనే చోట, ‘మొగ్గు’ బాగుంటుంది. ఆట ఇటు మొగ్గింది అంటే తక్కెడ ఇంకా ఊగుతూనే ఉందని తెలుస్తుంది. పాతనిఘంటువు గారు చెప్పిన టెన్నిస్ అడ్వాంటేజ్ పైచేయి కాదు, మొగ్గే.

ఇంకో మాట ‘వాటం’. ఇది నాకు చాలా ఇష్టం. పట్టుకోవడానికి వాటంగా ఉంది, ఎడమచేతి వాటం, వాటం కుదిరింది అంటాం. ఒంటికో, పనిముట్టుకో, పని తీరుకో అనుకూలంగా కుదిరిన పొందిక అది. చేతికి, ఒంటికి సంబంధించిన అనుకూలత ఎక్కడ వచ్చినా మొహమాటపడకుండా వాడండి. ‘గాలివాటం’ దగ్గర మాత్రం ఆగండి. గాలివాటంగా గెలిచాడు అంటే అనుకోకుండా, తన ప్రమేయం లేకుండా గెలిచాడని అర్థం, అది దాదాపు వ్యతిరేకం.

తెరచాప

గాలివాటం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలనిపించింది. తెరచాప యుద్ధనౌకల కాలంలో వెదర్ గేజ్ అని ఒక మాట ఉండేది. రెండు నౌకాదళాలు ఎదురుపడినప్పుడు గాలి ఎటు నుంచి వీస్తోందో అటువైపు ఉన్నవాళ్లకి వెదర్ గేజ్ ఉంది అనేవాళ్లు. గాలి వాళ్ల వెనక నుంచి శత్రువు వైపు వీస్తుంది కాబట్టి ఎప్పుడు దగ్గరికి వెళ్లాలో, అసలు వెళ్లాలో వద్దో వాళ్లే తేల్చుకోగలరు. అవతలివాళ్లు గాలికి ఎదురుగా నేరుగా రాలేరు, అటూ ఇటూ వంకరగా తిరుగుతూ రావాలి.

ఇది మామూలు వాంటేజ్‌కి మంచి ఉదాహరణ అనుకుంటాం గానీ ఇందులో ఇంకో మెలిక ఉంది. గాలి బలంగా ఉంటే ఓడ గాలి వీచే దిక్కుకి ఒరుగుతుంది, అంటే వెదర్ గేజ్ ఉన్న ఓడ శత్రువు వైపే ఒరుగుతుంది. అప్పుడు ఆ పక్కన కింది వరస ఫిరంగుల కిటికీలు నీళ్లకి మరీ దగ్గరైపోయి, తెరిస్తే లోపలికి నీళ్లు వచ్చే ప్రమాదం ఉండేది. పైగా దెబ్బ తింటే వెనక్కి తగ్గడం కష్టం, గాలే శత్రువు మీదికి నెడుతుంది. గాలికి కింద ఉన్నవాళ్లు తేలిగ్గా తప్పుకోగలరు. అంటే ఏ చోటూ ఎప్పుడూ అనువైనది కాదు, ఏం చేయబోతున్నావన్న దాన్ని బట్టి ఉంటుంది. దాడి చేసేవాడికి అనువు, పారిపోవాల్సినవాడికి కాదు. అందుకే మాటలమూట గారు, అనువాదంలో ‘అనువైన చోటు’ అని ఊరుకోకుండా వీలైతే దేనికి అనువో కూడా చెప్పండి. గుట్ట మీద చోటు దొరికింది అంటే పైనుంచి బాణాలు వేయడానికా, శత్రువు రాకని దూరం నుంచి కనిపెట్టడానికా? మూలంలో ముందూ వెనకా చదివితే తెలిసిపోతుంది, అది కలిపితే వాక్యం నిలబడుతుంది.

మాటలమూట

ఎంత వివరంగా రాశారండీ, అందరికీ చాలా థాంక్స్. గుట్ట మీద చోటు గురించి వెనక్కి వెళ్లి చూశాను, కింద వాగు దాటే దారి మొత్తం అక్కడి నుంచి కనిపిస్తుందని రెండు పేరాల ముందే ఉంది, నేనే పట్టించుకోలేదు.

ఇంకో రెండు ఉన్నాయి. ‘టేక్ అడ్వాంటేజ్ ఆఫ్’ అని మూడు సార్లు వచ్చింది. ఒక చోట సైన్యం పొగమంచుని, ఒక చోట శత్రువు అలసటని, ఒక చోట సేనాపతి ఒక పేద పడవవాడి మంచితనాన్ని. మూడింటికీ ‘ఉపయోగించుకున్నాడు’ అని రాశాను. పడవవాడి దగ్గర ఏదో తేడాగా ఉంది. రెండోది, ఇవాళ్టి వాంటేజ్ పాయింట్ అన్న వాక్యం.

సందుమలుపు

పడవవాడి దగ్గర మీకు తేడా అనిపించిందంటే మీ చెవి బాగానే పని చేస్తోంది. పొగమంచుని వాడుకోవచ్చు, తప్పేం లేదు, పొగమంచుకి నొప్పి ఉండదు. మనిషి మంచితనాన్ని వాడుకోవడం అంటే వేరు. ఇంగ్లీషులో అదే మాట రెండు చోట్లా రావడం వల్ల చదివేవాళ్లు సందర్భం చూసి అర్థం చేసుకుంటారు. మనకి ఆ బరువు మాటలోనే ఉంది: ‘అలుసుగా తీసుకున్నాడు’. లేకపోతే ‘మంచితనాన్ని ఆసరా చేసుకుని పబ్బం గడుపుకున్నాడు’. నేనైతే పొగమంచుకి ‘ఆసరా చేసుకుని’, అలసటకి ‘అదను చూసుకుని’, పడవవాడికి ‘అలుసుగా తీసుకుని’ అని రాస్తాను. మూలంలో ఒకే మాట మూడు సార్లు వచ్చింది కదా, తెలుగులో కూడా ఒకే మాట ఉండాలన్న నియమం ఏమీ లేదు, ఈ అనవసరమైన భయం కొత్తవాళ్లందరికీ ఉంటుంది, నాకూ చాలా ఏళ్లు ఉంది.

ఇక వాంటేజ్ పాయింట్‌ని దృక్కోణం అని రాసేస్తారు చాలామంది. పూర్తిగా తప్పు అనను గానీ దృక్కోణం అంటే అభిప్రాయం వైపు వెళ్లిపోతుంది, ‘నా దృక్కోణంలో’ అంటే నేననుకోవడం అని. వాంటేజ్ పాయింట్‌లో అభిప్రాయం కంటే ముందు చూపు ఉంది, అక్కడ నిలబడితే మిగతా చోట్ల నుంచి కనపడనిది కనపడుతుంది. ఇవాళ్టి వాంటేజ్ పాయింట్ అంటే, ఆ తర్వాత ఏం జరిగిందో మనకి తెలుసు, ఆ సేనాపతికి తెలియదు, అదీ మన ఎత్తు. బిందువు అనే మాట జోలికి అసలు పోకండి. "జరిగిందంతా తెలిసిన ఇవాళ వెనక్కి తిరిగి చూస్తే" అంటే చాలు.

ఇంకోటి, అడిగారని కాదు గానీ, ఇంగ్లీషులో రాసేటప్పుడు ‘వాంటేజెస్’ అని లాభాల జాబితాకి వాడకండి, ఎవరూ అలా రాయరు. ఈ రోజుల్లో వాంటేజ్ ఒంటరిగా కనపడేదే తక్కువ, పక్కన పాయింట్ ఉండాల్సిందే. ఒకరి మీద ముందంజ అని చెప్పేటప్పుడు ‘అడ్వాంటేజ్ ఓవర్’ అనాలి, మనవాళ్లు ‘దాన్’ పెట్టేస్తుంటారు. ఆ ‘ఓవర్’ చూడండి, మన ‘పైచేయి’లో ఉన్న ‘పై’ కూడా అదే.

లెక్కలచెట్టు

పాతనిఘంటువు గారి "ఎవరి మీద?" పరీక్ష బాగుంది కానీ ఒక చోట అది పని చేయదు, అక్కడ చాలామంది బోల్తా పడతారు కాబట్టి చెప్తున్నాను. ఆర్థికశాస్త్రంలో కంపారెటివ్ అడ్వాంటేజ్ అనే మాట ఉంది, తులనాత్మక ప్రయోజనం అని రాస్తుంటాం.

1817లో డేవిడ్ రికార్డో అనే ఆర్థికవేత్త ఇచ్చిన ఉదాహరణ చూడండి. ఒక ఏడాదిలో కొంత బట్ట నేయడానికి ఇంగ్లండ్‌లో 100 మంది కావాలి, కొంత ద్రాక్షసారా తీయడానికి 120 మంది. అంతే బట్టకి పోర్చుగల్‌లో 90 మంది, అంతే సారాకి 80 మంది చాలు. రెండింట్లోనూ పోర్చుగల్‌దే పైచేయి. "ఎవరి మీద?" అని అడిగితే ఇంగ్లండ్ మీద, రెండింట్లోనూ. మరి ఇంగ్లండ్‌కి అడ్వాంటేజ్ ఏదీ లేదా? రికార్డో ఉంది అన్నాడు. పోర్చుగల్ 80 మందితో తీసిన సారా ఇచ్చి, తను నేసుకుంటే 90 మంది పట్టే బట్ట తెచ్చుకుంటుంది. ఇంగ్లండ్ 100 మందితో నేసిన బట్ట ఇచ్చి, తను తీసుకుంటే 120 మంది పట్టే సారా తెచ్చుకుంటుంది. ఇద్దరికీ మిగిలింది. ఇక్కడ ఇంగ్లండ్ బట్టలో ముందున్నది పోర్చుగల్ కంటే కాదు. సారాలో ఎంత వెనకబడిందో బట్టలో అంత వెనకబడలేదు, అంతే. అంటే పోలిక మనిషికీ మనిషికీ మధ్య కాదు, ఒక పనికీ ఇంకో పనికీ మధ్య.

దీన్ని ‘పైచేయి’ అని అనువదిస్తే సిద్ధాంతం తలకిందులైపోతుంది, నేను అలాంటి అనువాదం ఒకటి చదివి ఒక పూటంతా అర్థం కాక కూర్చున్నాను.

పాతనిఘంటువు

లెక్కలచెట్టు గారూ, ఒప్పుకుంటున్నాను, నా పరీక్షకి అది చిక్కలేదు. "ఎవరి మీద?" బదులు "దేనితో పోలిస్తే?" అని అడగడం మేలు. మనిషి కావచ్చు, ఇంకో పని కావచ్చు, నిన్నటి తను కావచ్చు. పోలిక లేకుండా మాత్రం అడ్వాంటేజ్ ఉండదు, అది వదలను.

ఇంకొకటి గుర్తొచ్చింది. ఫుట్‌బాల్‌లో ఒకడు ఫౌల్ చేసినా, బంతి ఇంకా దెబ్బ తిన్న జట్టు దగ్గరే ఉండి వాళ్లు గోల్ వైపు దూసుకుపోతుంటే రెఫరీ విజిల్ వేయడు. చేతులు ముందుకు చాచి ఆట సాగనిస్తాడు, దాన్నే అడ్వాంటేజ్ ఇవ్వడం అంటారు. ఆపితే తప్పు చేసినవాడికే మేలు జరుగుతుంది కాబట్టి. కొన్ని సెకన్లలో ఆ ఊపు ఫలించకపోతే వెనక్కి వచ్చి ఫౌల్ ఇవ్వొచ్చు. ఇక్కడ కూడా రెఫరీ ఇచ్చింది గోల్ కాదు, ముందుకి వెళ్లే వీలు. ‘వీలు’ అనే చిన్న మాట మనం మర్చిపోయాం చూశారా, తేనెపలుకు గారూ, మీ జాబితాలో అది కూడా కలపండి.

తేనెపలుకు

తప్పకుండా అండీ. వీలు చాలా చోట్ల పనికొస్తుంది.

మాటలమూట

కూర్చుని మొత్తం మళ్లీ రాశాను. ఎనిమిది అడ్వాంటేజ్‌లలో రెండింటికే ‘ప్రయోజనం’ మిగిలింది. మిగిలినవి పైచేయి ఒకటి, మొగ్గు ఒకటి, వీలు ఒకటి, ఆ మూడు ‘టేక్ అడ్వాంటేజ్’లు సందుమలుపు గారు చెప్పినట్టు.

ఎర్ర గీతలు పడ్డ వాక్యాలు ఇలా మారాయి: "వాగు దాటే దారంతా కళ్ల ముందుండేలా, చీకటి పడేలోపే సైన్యం గుట్ట మీద అనువైన చోటు పట్టుకుంది." రెండోది: "జరిగిందంతా తెలిసిన మనం ఇవాళ వెనక్కి తిరిగి చూస్తే ఆ నిర్ణయం తప్పని తెలుస్తుంది, ఆ రాత్రి గుట్ట మీద నిలబడ్డవాడికి అది తెలిసే వీలు లేదు." రెండో వాక్యంలో చివరి ముక్క మూలంలో లేదు, నేనే చేర్చాను. ఉంచాలా తీసెయ్యాలా అని ఆలోచిస్తున్నాను.

సందుమలుపు

తీసెయ్యండి. బాగుంది, కానీ అది రచయిత చెప్పలేదు కదా. మొదటి వాక్యంలో చేర్చిన వాగు దారి ఉంచండి, అది వ్యాసంలో ఉన్నదే.